మంబుల్ 1.5 రివ్యూ: సోర్స్ నుంచి బిల్డ్ చేసుకుంటే దక్కేదేంటి, చిక్కులెక్కడ

పదిమంది ఒకేసారి మాట్లాడుకోవాలి, మాట ఆలస్యం కాకూడదు, సర్వర్ మన చేతిలోనే ఉండాలి. ఈ మూడూ కావాలంటే డెస్క్‌టాప్ మీద మంబుల్‌కు సాటి వచ్చే యాప్‌లు చాలా తక్కువ. 2005లో థోర్వాల్డ్ నాట్విగ్ మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. సీ ప్లస్ ప్లస్ భాషలో, విండోలు, బటన్లు చూపించే క్యూటీ లైబ్రరీతో రాసింది, బీఎస్డీ లైసెన్సుతో వస్తుంది. మాట్లాడే యాప్, దాని సర్వర్ రెండూ ఒకే సోర్స్ కోడ్‌లో ఉంటాయి. యాప్ ఎలా ఉందో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. దాన్ని సోర్స్ నుంచి బిల్డ్ చేసుకోవడం, అంటే కోడ్ తెచ్చుకుని మన మెషీన్‌లోనే యాప్‌గా తయారుచేసుకోవడం ఎంత పని, ఆ శ్రమకు తగ్గ ఫలితం ఉందా అన్నది ఈ రివ్యూ.

డెబియన్ 12, ఉబుంటు 22.04 అనే లినక్స్ రకాలు (డిస్ట్రోలు) వాడుతున్నవాళ్లకు బిల్డ్ చేసుకోవడం కచ్చితంగా లాభమే. వాటి రిపాజిటరీల్లో (ప్యాకేజీలు దొరికే చోట) ఉన్నది 1.3.4. ఆ తర్వాత 2022 జనవరిలో వచ్చిన 1.4తో పైప్‌వైర్ అనే ఆడియో వ్యవస్థకు సపోర్టు, ప్లగిన్ల వ్యవస్థ, ఇంకో ఛానల్‌లోకి వెళ్లకుండానే అక్కడి మాటలు వినే సదుపాయం వచ్చాయి. 2023 అక్టోబరులో మొదలైన 1.5లో ఆడియో ప్యాకెట్ల ప్రోటోకాల్ మారింది, సెట్టింగ్స్ దాచే ఫైలు జేసన్ రూపంలోకి వచ్చింది. ఉబుంటు 24.04, డెబియన్ 13 వాడేవాళ్లకు 1.5 ప్యాకేజీగానే దొరుకుతుంది. వాళ్లు కోడ్‌లో ఏదైనా మార్చుకోవాలనుకుంటేనో, అక్కర్లేని భాగాలు తీసేసి తేలికపాటి సర్వర్ కావాలనుకుంటేనో తప్ప బిల్డ్ జోలికి పోనక్కర్లేదు. పాత డిస్ట్రోలో ఉండి క్లయింట్ (మాట్లాడే యాప్) ఒక్కటి చాలనుకునేవాళ్లకు ఏ డిస్ట్రోలోనైనా నడిచే ప్యాకేజీ, అంటే ఫ్లాట్‌హబ్‌లో ఉన్న ఫ్లాట్‌ప్యాక్ కూడా మంచి దారే.

కింద కమాండ్లూ ఆప్షన్లూ పలికే తీరులోనే రాశాం, టెర్మినల్లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.

సోర్స్ తెచ్చుకునే దగ్గరే మొదటి గుంత

గిట్‌హబ్ పేజీలో ఆకుపచ్చ బటన్ నొక్కి జిప్ దించుకునేవాళ్ల బిల్డ్, లైబ్రరీలు వెతికి ఏర్పాట్లు చేసే సీమేక్ దశ కూడా దాటదు. మంబుల్ తన లైబ్రరీల్లో కొన్నింటిని గిట్ సబ్‌మాడ్యూళ్లుగా, అంటే విడి ప్రాజెక్టులకు లింకులుగా పెట్టుకుంది. ప్రతిధ్వని తీసే స్పీక్స్‌డీఎస్పీ, జేసన్ చదివే లైబ్రరీ లాంటివి అందులో ఉంటాయి. జిప్‌లో ఆ ఫోల్డర్లు ఖాళీగా వస్తాయి. ఫలానా ఫోల్డర్‌లో సీమేక్‌లిస్ట్స్ ఫైలు లేదని ఎర్రర్ చూపిస్తుంది. అది చూసి చాలామంది సీమేక్ వెర్షన్ మారుస్తూ కూర్చుంటారు. తప్పు సీమేక్‌ది కాదు. గిట్ క్లోన్‌కు రికర్సివ్ ఆప్షన్ ఇచ్చి తెచ్చుకోండి. మామూలు క్లోన్ ఇప్పటికే చేసేసి ఉంటే గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్, ఇనిట్, రికర్సివ్ కలిపి ఇస్తే సరిపోతుంది. గిట్ వద్దనుకుంటే రిలీజ్ పేజీలో ప్రాజెక్టు వాళ్లే పెట్టిన టార్ ఫైలు తీసుకోవాలి, అందులో సబ్‌మాడ్యూళ్లు కూడా ఉంటాయి.

క్లోన్ చేయగానే చేతికొచ్చేది మాస్టర్ బ్రాంచి, అంటే ఇంకా తయారవుతున్న కోడ్. అది క్యూటీ 6కు మారిపోయింది. 1.5 శ్రేణికి కావలసింది క్యూటీ 5. కాబట్టి గిట్ ట్యాగ్ కమాండ్‌తో వెర్షన్ల గుర్తుల (ట్యాగుల) వరస చూసి వీ1.5తో మొదలయ్యే వాటిలో చివరి ట్యాగ్‌కు చెకౌట్ చేయండి. ట్యాగ్ మారిన ప్రతిసారీ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ మళ్లీ ఇవ్వాలి. ఈ ఒక్క అడుగు మరిచిపోతే పాత సబ్‌మాడ్యూళ్లతో కొత్త కోడ్ కలిసి, ఏ సెర్చ్‌లోనూ దొరకని ఎర్రర్లు పుట్టుకొస్తాయి.

డిపెండెన్సీల (బిల్డ్‌కు కావలసిన లైబ్రరీల) జాబితా సోర్స్‌లోని డాక్స్ ఫోల్డర్‌లో, బిల్డ్ ఇన్‌స్ట్రక్షన్ల కింద డిస్ట్రో వారీగా ఉంది. దాన్ని యథాతథంగా వాడుకోవచ్చు, రాసిన తీరు బాగుంది. ఏది ఎందుకో తెలిస్తే ఎర్రర్ వచ్చినప్పుడు కంగారుండదు. క్యూటీ బేస్ తప్పనిసరి. క్యూటీ టూల్స్ లేకపోతే లింగ్విస్ట్ టూల్స్ దొరకలేదని సీమేక్ ఆగుతుంది, అనువాదాల ఫైళ్లను తయారుచేసేది అదే. ఐకాన్ల కోసం క్యూటీ ఎస్వీజీ కావాలి. క్లయింట్, సర్వర్ల మధ్య సందేశాల రూపాన్ని చూసుకునే ప్రోటోబఫ్ విషయంలో లైబ్రరీ, హెడర్లు, ప్రోటోసీ అనే కంపైలర్ మూడూ ఉండాలి. పోకో, ఓపెన్‌ఎస్ఎస్ఎల్, బూస్ట్, ఓపస్, ఆగ్, సౌండ్‌ఫైల్, ఆల్సాల డెవలప్‌మెంట్ ప్యాకేజీలు కావాలి. లినక్స్‌లో విండోలు చూపే పాత వ్యవస్థ అయిన ఎక్స్11లో షార్ట్‌కట్ల కోసం లిబ్‌ఎక్స్ఐ, సర్వర్ కోసం లిబ్‌క్యాప్.

ఇందులో బిల్డ్‌కు అడ్డం పడకుండా, నడిపేటప్పుడు దెబ్బకొట్టేది ఒకటుంది. క్యూటీ ఎస్‌క్యూలైట్ డ్రైవర్. ప్యాకేజీలు వేసే ఆప్ట్‌కు రికమెండ్స్ (సిఫారసు చేసే అదనపు ప్యాకేజీలు) వద్దని చెప్పేవాళ్లకు ఇది ఇన్‌స్టాల్ కాదు. బిల్డ్ మొత్తం సాఫీగా సాగిపోతుంది, యాప్ తెరవగానే డేటాబేస్ మొదలుపెట్టలేకపోయానని ఆగిపోతుంది. టెర్మినల్లో క్యూఎస్‌క్యూలైట్ డ్రైవర్ లోడ్ కాలేదన్న లైను కనిపిస్తుంది. లిబ్‌క్యూటీ5ఎస్‌క్యూఎల్5-ఎస్‌క్యూలైట్ ప్యాకేజీ వేస్తే చాలు, మళ్లీ కంపైల్ చేయనక్కర్లేదు.

సీమేక్ ఒకసారి ఏదైనా లైబ్రరీ లేదని తేల్చుకుంటే ఆ సంగతి క్యాష్‌లో రాసిపెట్టుకుంటుంది. తర్వాత మీరు ప్యాకేజీ వేసినా పాత జవాబే చెప్పే సందర్భాలుంటాయి. అందుకే బిల్డ్ ఎప్పుడూ సోర్స్ లోపల విడి ఫోల్డర్‌లో చేయాలి, తేడా వస్తే ఆ ఫోల్డర్ మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టాలి.

అనకొండా ఉన్న లాప్‌టాప్‌లో

కాలేజీ విద్యార్థుల లాప్‌టాప్‌లలో, డేటా సైన్స్ పని చేసేవాళ్ల మెషీన్లలో అనకొండా (పైథాన్ ప్యాకేజీల కట్ట) ఉండటం మామూలు. మంబుల్ లాంటి క్యూటీ ప్రాజెక్టుల బిల్డ్‌ను ఎక్కువగా చెడగొట్టేది అదే. దీన్ని కాస్త వివరంగా చూడాలి.

అనకొండా ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు షెల్ తెరిచిన ప్రతిసారీ బేస్ ఎన్విరాన్‌మెంట్ యాక్టివేట్ అయ్యేలా సెట్ చేసుకుంటుంది. అప్పుడు పాత్‌లో (కమాండ్లను వెతికే ఫోల్డర్ల వరసలో) అందరికంటే ముందు దాని బిన్ ఫోల్డర్ నిలబడుతుంది. ఆ ఎన్విరాన్‌మెంట్‌లో ప్రోటోసీ, ఓపెన్‌ఎస్ఎస్ఎల్, క్యూటీలకు దాని సొంత ప్రతులు ఉండొచ్చు. సీమేక్ పాత్ చూసి వెతుకుతుంది కాబట్టి ప్రోటోసీ అనకొండాది తీసుకుంటుంది, హెడర్లు మాత్రం సిస్టమ్‌వి తీసుకుంటుంది. రెండింటి వెర్షన్లు కలవవు. ఈ ఫైలును మీ హెడర్లకంటే కొత్త ప్రోటోసీ తయారుచేసిందని ప్రోటోబఫ్ ఫైళ్ల దగ్గర కంపైలర్ ఆగుతుంది. వెర్షన్లు తారుమారైతే పాత ప్రోటోసీ అని చెబుతుంది. ఇంకో రకం ఏంటంటే కంపైల్ అంతా అయిపోయి లింక్ దశలో క్యూటీ సింబల్స్ దొరకలేదని వందల లైన్లు వస్తాయి.

దీనికి మందు చిన్నదే. కోండా డీయాక్టివేట్ ఇచ్చి, విచ్ ప్రోటోసీ అని అడిగితే స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ బిన్ దారి చూపాలి. అది చూశాక పాత బిల్డ్ ఫోల్డర్ తీసేసి సీమేక్ మళ్లీ నడపాలి. డీయాక్టివేట్ చేసి అదే ఫోల్డర్‌లో కొనసాగిస్తే ఫలితం ఉండదు, క్యాష్‌లో అనకొండా దారులే ఉంటాయి. గతంలో ఏదో ట్యుటోరియల్ చూసి ప్రోటోబఫ్‌ను స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ లోకల్‌లో వేసుకున్నవాళ్లకు కూడా ఇదే ఎర్రర్, ఇదే కారణం.

ఆర్చ్ లాంటి రోలింగ్ (ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్లు వచ్చే) డిస్ట్రోల్లో చిక్కు వేరు. ప్రోటోబఫ్ 22 నుంచి అది గూగుల్ వాళ్ల ఆబ్సీల్ లైబ్రరీ మీద ఆధారపడుతోంది. పాత మంబుల్ కోడ్‌ను అక్కడ బిల్డ్ చేస్తే ఆబ్సీల్ సింబల్స్ దొరకలేదని లింకర్ ఆగుతుంది. అలాంటి చోట 1.4ను పట్టుకుని వేలాడొద్దు, 1.5లో చివరి ట్యాగ్ తీసుకోండి.

ఏవి ఆపాలి, ఏవి ఉంచాలి

మంబుల్ సీమేక్ ఆప్షన్లన్నీ చిన్న అక్షరాల్లో, మైనస్ డి తర్వాత వస్తాయి. పూర్తి జాబితా డాక్స్‌లోనే సీమేక్ ఆప్షన్స్ ఫైలులో ఉంది. ముందుగా సీమేక్ బిల్డ్ టైప్‌ను రిలీజ్‌గా ఇవ్వండి. ఆ తర్వాత అసలు మార్చాల్సినవి నాలుగైదే.

ఓవర్‌లే-ఎక్స్‌కంపైల్. ఆటలు ఆడేటప్పుడు స్క్రీన్ మీద ఎవరు మాట్లాడుతున్నారో చూపించేది ఓవర్‌లే. 64 బిట్ మెషీన్‌లో కూడా 32 బిట్ ఆటల కోసం దాని 32 బిట్ రూపాన్ని తయారు చేయబోతుంది. అందుకు కావలసిన జీ ప్లస్ ప్లస్ మల్టీలిబ్ ప్యాకేజీ లేకపోతే ఇన్‌కంపాటిబుల్ లైబ్రరీని వదిలేస్తున్నానని చెబుతూ లింకర్ ఆగుతుంది. 32 బిట్ ఆటలు లేనివాళ్లు దీన్ని ఆఫ్ చేయాలి. ఆటలే ఆడనివాళ్లు ఓవర్‌లేనే ఆఫ్ చేసేయొచ్చు. ఆటలో మనిషి ఉన్న దిక్కు నుంచే గొంతు వినిపించే ప్లగిన్లు కూడా వద్దనుకుంటే ప్లగిన్స్ ఆఫ్.

వార్నింగ్స్-యాజ్-ఎర్రర్స్. ఇది మొదటి నుంచీ ఆన్‌లో ఉంటుంది. ప్రాజెక్టులో పనిచేసేవాళ్లకు మంచి క్రమశిక్షణే, బయటివాళ్లకు మాత్రం తలనొప్పి. కొత్త జీసీసీ కంపైలర్ వచ్చినప్పుడల్లా కొత్త వార్నింగులు పుడతాయి, వాటిలో ఏ ఒక్కటి తగిలినా బిల్డ్ ఆగుతుంది. ఎర్రర్ లైను చివర బ్రాకెట్లలో వెర్రర్ అన్న మాట కనిపిస్తే కారణం ఇదే. ఆఫ్ చేస్తే తయారయ్యే యాప్‌లో తేడా ఏమీ రాదు.

ఐస్. సర్వర్‌ను బయటి స్క్రిప్టులతో నడిపించడానికి వాడే జీరోసీ ఐస్ సపోర్టు. కొత్త యూజర్ చేరగానే తగిన ఛానల్‌లోకి పంపడం, వెబ్ పేజీలో ఎవరెవరున్నారో చూపించడం లాంటి పనులకు ఇది కావాలి. అవేవీ అక్కర్లేకపోతే ఆఫ్ చేయండి. ఒక పెద్ద డిపెండెన్సీ తగ్గుతుంది. ఐస్ తయారుచేసే సీ ప్లస్ ప్లస్ ఫైళ్లు భారీగా ఉంటాయి కాబట్టి కంపైల్ సమయం, మెమరీ కూడా తగ్గుతాయి.

సర్వర్, క్లయింట్ అని రెండు ఆప్షన్లున్నాయి, రెండూ ఆన్‌లో ఉంటాయి. డెస్క్‌టాప్‌కు సర్వర్ ఆఫ్, క్లౌడ్ మెషీన్‌కు క్లయింట్ ఆఫ్. అప్‌డేట్ అనే ఆప్షన్ కొత్త వెర్షన్ వచ్చిందా అని చూసేది. సొంతంగా బిల్డ్ చేసుకున్నవాళ్లకు దానితో పనిలేదు.

పల్స్‌ఆడియో, పైప్‌వైర్, ఆల్సా మూడింటినీ ఉంచండి. వీటిలో దేన్ని వాడాలో తర్వాత సెట్టింగ్స్‌లో ఎంచుకోవచ్చు. చుట్టుపక్కల శబ్దాన్ని తగ్గించే ఆర్ఎన్‌నాయిస్ భాగాన్ని కూడా ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయొద్దు. ఫ్యాను కింద కూర్చుని మాట్లాడే ఇళ్లలో మంబుల్ విలువ తెలిసేది అక్కడే. పాత స్పీక్స్ పద్ధతి ఒక్కటే ఉంటే ఫ్యాను హోరు తగ్గేమాట నిజమే కానీ దాంతోపాటు గొంతూ పలచబడుతుంది.

కంపైల్ దశలో ఒకేఒక్క పెద్ద ప్రమాదం మెమరీ. 8 కోర్లున్నాయని జె 8 (ఒకేసారి 8 జాబ్‌లు) ఇచ్చి, 4 జీబీ ర్యామ్‌తో మొదలుపెడితే మధ్యలో సీసీ1ప్లస్‌ను ఎవరో చంపేశారన్న సందేశంతో ఆగిపోతుంది. కోడ్‌లో తప్పేమీ లేదు. కెర్నెల్ మెమరీ చాలక ప్రాసెస్‌ను ఆపేసింది. డీమెసేజ్‌లో అవుట్ ఆఫ్ మెమరీ లైను కనబడుతుంది. ఒక్కో జాబ్‌కు 2 జీబీ చొప్పున లెక్కేసుకోండి. 4 జీబీకి జె 2, 8 జీబీకి జె 4. బ్రౌజర్ మూసేయండి. మళ్లీ అదే కమాండ్ ఇస్తే ఆగిన చోటి నుంచే మొదలవుతుంది, అప్పటిదాకా అయినది వృథా పోదు. చిట్టచివరి లింకింగ్‌లో మెమరీ చాలకపోతే లింకింగ్‌లో కోడ్‌ను మెరుగుపరిచే ఎల్‌టీఓ ఆప్షన్ ఆఫ్ చేసి చూడండి.

బిల్డ్ అయ్యాక ఇన్‌స్టాల్ చేయకుండానే బిల్డ్ ఫోల్డర్ నుంచి మంబుల్‌ను నడిపి చూడొచ్చు. అన్నీ సరిగా ఉన్నాయనుకున్నాకే ఇన్‌స్టాల్ కమాండ్ ఇవ్వండి. మామూలుగా స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ లోకల్‌లోకి వెళ్తుంది.

నడిపి చూస్తే

మొదటిసారి తెరిచినప్పుడు ఆడియో విజార్డ్, తర్వాత సర్టిఫికెట్ విజార్డ్ వస్తాయి. మంబుల్‌లో మీ గుర్తింపు పాస్‌వర్డ్ కాదు, ఈ సర్టిఫికెట్టే. సర్వర్‌లో పేరు రిజిస్టర్ చేసుకున్నాక అది పోతే ఆ పేరుతో మళ్లీ లోపలికి రాలేరు. అడ్మిన్ పాత రిజిస్ట్రేషన్ తీసేయాల్సిందే. విజార్డ్‌లోనే ఎక్స్‌పోర్ట్ చేసి పీ12 ఫైలును వేరేచోట దాచుకోండి. సర్టిఫికెట్ ఉండేది సెట్టింగ్స్ ఫైలులోనే కాబట్టి, ఏదో తేడా వచ్చిందని ఆ ఫైలును తీసేసేవాళ్లు సర్టిఫికెట్‌ను కూడా పోగొట్టుకుంటారు.

ధ్వని నాణ్యత గురించి పొగడాల్సిందే. ఓపస్ కోడెక్, 48 కిలోహెర్ట్జ్. ఆలస్యం ఎంతుండాలో మీరే నిర్ణయించుకునే స్లైడర్ ఉంటుంది. ఒక్కో ప్యాకెట్‌లో 10, 20, 40 లేదా 60 మిల్లీసెకన్ల మాట పెట్టొచ్చు. ఇక్కడ చిన్న లెక్క చూడాలి. ప్రతి ప్యాకెట్‌కూ ఐపీ హెడర్ 20 బైట్లు, యూడీపీ 8, మంబుల్ ఎన్‌క్రిప్షన్ 4, మొత్తం 32 బైట్ల అదనపు బరువుంటుంది. 10 మిల్లీసెకన్లు పెడితే సెకనుకు 100 ప్యాకెట్లు, అంటే మాట బరువు కాక 25.6 కిలోబిట్లు ఊరికే పోతాయి. 20 పెడితే 12.8, 60 పెడితే 4.3. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉన్నవాళ్లు 40 లేదా 60కి మారితే మాట తెగిపోవడం తగ్గుతుంది. బ్రాడ్‌బ్యాండ్ మీద 20 సరైన చోటు. ఈ లెక్కంతా సెట్టింగ్స్‌లో స్లైడర్ కిందే చూపించడం ముచ్చటైన విషయం, ఇలా విప్పి చూపే యాప్‌లు తక్కువ.

తెలుగులో చాట్ చేసేవాళ్లకు ఒక ముఖ్యమైన సంగతి. అక్షరాలు చూపించడంలో ఇబ్బంది లేదు, డెబియన్, ఉబుంటులలో ఫాంట్స్-తెలు ప్యాకేజీ ఉంటే ఒత్తులు, గుణింతాలు చక్కగా కనిపిస్తాయి. టైపింగ్ మాత్రం మీరు వాడే పద్ధతిని బట్టి ఉంటుంది. ఇన్‌స్క్రిప్ట్ లేఔట్‌ను నేరుగా కీబోర్డు లేఔట్‌గా పెట్టుకున్నవాళ్లకు ఏ బిల్డ్‌లోనైనా పనిచేస్తుంది. ఐబస్ అనే టైపింగ్ సాధనంతో టైప్ చేసేవాళ్లకు డిస్ట్రో క్యూటీతో కట్టిన బిల్డ్‌లో పనిచేస్తుంది, ఐబస్‌కు కావలసిన ముక్క క్యూటీలోనే ఉంటుంది. అలాంటిదే అయిన ఎఫ్‌సీఐటీఎక్స్ వాడేవాళ్లకు మాత్రం అది విడి ప్యాకేజీ, క్యూటీ వెర్షన్‌ను బట్టి ఉంటుంది. 1.5కు క్యూటీ5 ఫ్రంటెండ్ వేయాలి. క్యూటీ6ది మాత్రమే ఉంటే చాట్ పెట్టెలో ఇంగ్లిషే పడుతుంది. స్టాటిక్ ఆప్షన్‌తో అన్నీ లోపల కలిపి కట్టుకున్న బిల్డ్ అయితే బయటి ఇన్‌పుట్ ప్లగిన్లు లోడ్ అయ్యే వీలే ఉండదు. తెలుగు టైపింగ్ కావాలంటే లినక్స్‌లో స్టాటిక్ బిల్డ్ వద్దు.

ఎక్స్11 స్థానంలో వస్తున్న వేలాండ్ మీద పుష్ టు టాక్ మంబుల్‌కు పెద్ద లోటు. కీ నొక్కి మాట్లాడే షార్ట్‌కట్‌లు ఎక్స్11 పద్ధతిలో రాసినవి. వేలాండ్ సెషన్‌లో వేరే విండోలో పనిచేస్తుంటే ఆ కీ మంబుల్‌కు చేరదు. దీనికి దారి మంబుల్‌లోనే ఉంది. నడుస్తున్న మంబుల్‌కు కమాండ్ లైను నుంచి ఆర్‌పీసీ పద్ధతిలో స్టార్ట్‌టాకింగ్, స్టాప్‌టాకింగ్, టాగుల్‌మ్యూట్ ఆదేశాలు ఇవ్వొచ్చు. స్వే డెస్క్‌టాప్ వాడేవాళ్లు కీ నొక్కినప్పుడు స్టార్ట్‌టాకింగ్, రిలీజ్ ఆప్షన్‌తో కీ వదిలినప్పుడు స్టాప్‌టాకింగ్ కట్టుకుంటే అచ్చం పుష్ టు టాక్‌లా పనిచేస్తుంది. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో కస్టమ్ షార్ట్‌కట్ కీ నొక్కినప్పుడే స్పందిస్తుంది, వదిలినప్పుడు కాదు. అక్కడ టాగుల్‌మ్యూట్‌తో సరిపెట్టుకోవాలి. షార్ట్‌కట్‌లో మంబుల్ పూర్తి దారి రాయండి, లేకపోతే ప్యాకేజీగా ఉన్న పాత మంబుల్‌ను పట్టుకునే ప్రమాదముంది.

సర్వర్ విషయానికొస్తే, బిల్డ్ చేసుకునే శ్రమకు అసలు ప్రతిఫలం అక్కడే. సర్వర్ మాటలను కలపదు, వచ్చిన ప్యాకెట్‌ను మిగతావాళ్లకు పంచుతుంది, కలిపే పని ప్రతి క్లయింట్ తనే చేసుకుంటుంది. అందుకే చిన్న క్లౌడ్ మెషీన్ సరిపోతుంది. చూసుకోవాల్సింది అప్‌లోడ్ ఒక్కటే. 40 కిలోబిట్ల నాణ్యత, 20 మిల్లీసెకన్ల ప్యాకెట్ అనుకుంటే ఒక గొంతుకు సుమారు 53 కిలోబిట్లు. పదిమంది ఉన్న గదిలో ఒకరు మాట్లాడితే సర్వర్ తొమ్మిది మందికి పంపాలి, అంటే సెకనుకు దాదాపు 475 కిలోబిట్లు. 1 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ మీద నడపడం సుఖమే కానీ అక్కడే కంపైల్ చేయబోతే మెమరీ చాలదు. ఇంట్లో అదే డిస్ట్రో, అదే వెర్షన్ ఉన్న మెషీన్‌లో బిల్డ్ చేసి ఫైలు పంపుకోండి.

సర్వర్ సెట్టింగ్స్ రాసుకునే నమూనా ఐఎన్ఐ ఫైలు సోర్స్‌లోని ఆక్సిలియరీ ఫైల్స్ ఫోల్డర్‌లో ఉంటుంది. పోర్టు 64738. దీన్ని టీసీపీ, యూడీపీ రెండింటికీ తెరవాలి. క్లౌడ్ ఫైర్‌వాల్‌లో టీసీపీ ఒక్కటే తెరిచి వదిలేస్తే అంతా పనిచేస్తున్నట్టే ఉంటుంది, మాట మాత్రం ఆగి ఆగి వస్తుంది. క్లయింట్ లాగ్‌లో టీసీపీ మోడ్‌కు మారుతున్నానన్న లైను ఉందేమో చూడండి, ఉంటే యూడీపీ మూసి ఉన్నట్టే. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద సర్వర్ పెట్టాలనుకునేవాళ్లు ముందుగా సీజీనాట్ (ఒకే పబ్లిక్ ఐపీని చాలామంది కస్టమర్లకు పంచడం) సంగతి తేల్చుకోవాలి. రౌటర్‌లో కనిపించే ఐపీ 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలవుతుంటే పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా బయటివాళ్లు చేరలేరు. పబ్లిక్ ఐపీ అడగాలి, లేదా ఐపీవీ6 వాడాలి, లేదా క్లౌడ్‌కు పోవాలి.

మొదటిసారి సర్వర్ నడిపినప్పుడు సూపర్‌యూజర్ పాస్‌వర్డ్ లాగ్‌లో పడుతుంది. పోగొట్టుకుంటే సర్వర్‌ను సప్‌డబ్ల్యూ ఆప్షన్‌తో పిలిచి కొత్తది పెట్టుకోవచ్చు. సూపర్‌యూజర్‌గా లాగిన్ అయి మైకు పనిచేయడం లేదని వెతుక్కునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, ఆ ఖాతాకు మాట్లాడే అనుమతి కావాలనే ఇవ్వలేదు. దానితో మీ మామూలు ఖాతాను అడ్మిన్ గ్రూపులో చేర్చి బయటకు రావాలి. సర్వర్‌కు లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ పెట్టుకుంటే, అది రెన్యూ అయినప్పుడు సర్వర్‌ను ఆపనక్కర్లేదు, ఎస్‌ఐజీయూఎస్ఆర్1 సిగ్నల్ పంపితే కొత్తది చదువుకుంటుంది.

లోపాలు సూటిగా చెప్పాలి. వీడియో లేదు, స్క్రీన్ షేర్ లేదు. చాట్ సందేశాలను సర్వర్ దాచదు, ఆలస్యంగా వచ్చినవాళ్లకు ముందు జరిగింది కనిపించదు. సందేశానికి మామూలు పరిమితి 5000 అక్షరాలు, బొమ్మలకు 131072 బైట్లు, ఐఎన్ఐలో పెంచుకోవచ్చు. కంట్రోల్ చానల్‌కు టీఎల్ఎస్, మాటకు ఏఈఎస్ 128 ఎన్‌క్రిప్షన్ ఉన్నాయి కానీ ఇది ఎండ్ టు ఎండ్ కాదు. సర్వర్ విప్పి మళ్లీ మూసి పంపుతుంది. కాబట్టి సర్వర్ ఎవరి చేతిలో ఉందన్నదే అసలు భద్రత, సొంత సర్వర్ బిల్డ్‌కు ఉన్న బలమైన కారణం కూడా అదే. ఫోన్ల వాళ్లు ఆండ్రాయిడ్‌లో మమ్లా అనే యాప్‌తో ఇదే సర్వర్‌లోకి రావచ్చు.

విండోస్‌లో బిల్డ్ మాత్రం సిఫారసు చేయలేం. అక్కడ లైబ్రరీలు సమకూర్చే వీసీపీకేజీ క్యూటీతో సహా అన్నింటినీ సోర్స్ నుంచి కడుతుంది, గంటల తరబడి సమయం, బోలెడు డిస్కు తినేస్తుంది. ప్రాజెక్టు వాళ్లు ముందే కట్టిపెట్టిన ఎన్విరాన్‌మెంట్ ఆర్కైవులు వాడితే కొంత తగ్గుతుంది. అయినా విండోస్‌కు అధికారిక ఇన్‌స్టాలర్ ఎప్పటికప్పుడు వస్తున్నప్పుడు అంత కష్టం ఎందుకు?

సొంత బిల్డ్ పెట్టుకున్నవాళ్లు ఇన్‌స్టాల్ చేసిన బిల్డ్ ఫోల్డర్‌ను వెంటనే తీసేయకండి. అన్‌ఇన్‌స్టాల్ కమాండ్ అంటూ లేదు. ఏ ఫైలు ఎక్కడ పెట్టిందో ఆ ఫోల్డర్‌లోని ఇన్‌స్టాల్ మ్యానిఫెస్ట్ ఫైలులోనే ఉంటుంది, తీసేయాలంటే అదే ఆధారం. డెబియన్ 12 నుంచి 13కి మారేటప్పుడు ఇది తప్పకుండా అవసరపడుతుంది. పాత్‌లో స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ లోకల్ ముందుంటుంది కాబట్టి, ప్యాకేజీగా కొత్త మంబుల్ వేసినా తెరుచుకునేది మీ పాత బిల్డే. అది పాత లైబ్రరీలను వెతుక్కుని దొరక్క ఆగిపోతుంది. సిస్టమ్ అప్‌గ్రేడ్‌కు ముందే ఆ మ్యానిఫెస్ట్ చూసి ఫైళ్లన్నీ తీసేయండి. సర్టిఫికెట్, సెట్టింగ్స్ హోమ్ ఫోల్డర్‌లో ఉంటాయి కాబట్టి వాటికేమీ కాదు.